పసివాళ్ళ నొప్పికి మందు దొరికిన కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, పే రివిజన్ కమిషన్ల చరిత్ర వ్రాస్తానని చాలామంది అనుకొని ఉంటారు. అది నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో పదిమంది ఉన్నారు. నేను సర్వీసంతా వైద్య ఆరోగ్య శాఖ జిల్లా కార్యాలయాలలో ఫైళ్ళ మధ్య గడిపి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాడిని. డాక్టరును కాను, కాంపౌండరును కూడా కాను. అయితే 2023 వేసవిలో మా మనవడి కాలు విరిగిన నాటినుండి ఒక విషయం నన్ను వదలకుండా పట్టుకొన్నది. దొరికినంత చదివి, తెలిసిన డాక్టర్లను విసిగించి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను. తప్పులుంటే డాక్టర్ మిత్రులు మన్నించాలి.

మొదట నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1985లో మేము ఒక చిన్న పట్టణంలో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. పరుగెత్తుతూ గడప మీద పడి గడ్డం చిట్లింది. రక్తం చూసి మా ఆవిడ కూలబడిపోతే నేనే ఎత్తుకొని దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాను. నాలుగు కుట్లు పడతాయన్నారు. మత్తుసూది వేయరా అని అడిగాను. "మత్తుకు రెండు పోట్లు, కుట్లకు నాలుగు పోట్లు, ఆ మాత్రానికి మత్తెందుకండీ? చేతులు గట్టిగా పట్టుకోండి, పిల్లలు మరచిపోతారు లెండి" అన్నారు. అటెండరు కాళ్ళు పట్టుకొన్నాడు. చేతులు పట్టుకొన్నది నేను. "నాన్నా, వదులు నాన్నా" అని అది అరచినంతసేపూ ఇంకా గట్టిగా పట్టుకొన్నాను. ఆ రోజున ఆ డాక్టరుగారు చెడ్డవారేమీ కాదు. అప్పటి పద్ధతి అది. ఆ పద్ధతి ఎక్కడినుండి వచ్చింది, ఎప్పుడు పోయింది, అసలు పోయిందా అన్నదే నా వ్యాస విషయం.

మనిషికి మత్తిచ్చి కోత కోయటం 1840లలో మొదలైంది. 1847 నవంబరులో ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం వాడకాన్ని లోకానికి చూపించాడు. మూడు నెలలు గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల క్లోరోఫాం పీల్చి నిమిషాల మీద చనిపోయింది. క్లోరోఫాం వల్ల పోయినట్లు నమోదైన మొదటి ప్రాణం ఆ పిల్లదే. ఆమెకు చేయబోయింది పెద్ద ఆపరేషనేమీ కాదు, కాలి బొటనవ్రేలి గోరు తీయడం! ఇప్పుడైతే ఆ వ్రేలి మొదట్లో రెండు చిన్న సూదులు వేసి, పిల్లతో కబుర్లాడుతూ గోరు తీసేస్తారు. ఒక గోరుకోసం మనిషినంతటినీ మత్తులో ముంచవలసి రావడమే అప్పటి ఇబ్బంది.

ఈ కథలో మన హైదరాబాదుకూ ఒక పుట ఉంది. క్లోరోఫాం ఆపుతున్నది గుండెనా, ఊపిరినా అన్న వాదం తేల్చడానికి నిజాం ప్రభుత్వ ధనసహాయంతో 1888లోను, 1889లోను రెండు కమిషన్లు హైదరాబాదులో కూర్చున్నాయి. వాటిని నడిపినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండవ కమిషన్‌కు లండన్‌నుండి లాడర్ బ్రంటన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడిని పిలిపించారు. జంతువుల మీద వందలకొద్దీ ప్రయోగాలు చేసి, ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. ఆ తీర్పు తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన ఇంగ్లండులో చూపించాడు. కమిషన్ రిపోర్టు తప్పుకావడం మనబోటివారికి వింత కాదనుకోండి. అయినా ఆ రోజులలోనే లారీ దగ్గర చదువుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ వనిత హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకొంటారు. ఇది మన పిల్లలకు పాఠాలలో ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

మనిషి మెలకువగా ఉండగానే, నొప్పి పుట్టే చోటును మాత్రం మొద్దుబార్చే మార్గం వియన్నా నగరంలో దొరికింది. కార్ల్ కొల్లర్ అనే ఇరవై ఆరేళ్ళ కంటి డాక్టరు కొకెయిన్ ద్రావణాన్ని మొదట కప్ప కంటిలో వేసి, తరువాత తన కంటిలోనే వేసుకొని, గుండుసూదితో తాకి చూసుకొన్నాడు. ఏమీ తెలియలేదు. 1884 సెప్టెంబరు 15న జర్మనీలోని హైడల్‌బర్గులో డాక్టర్ల సభలో ఆ సంగతి చదివారు. చదివినవాడు కొల్లర్ కాదు. అంతదూరం పోవడానికి అతని దగ్గర ఛార్జీలకు డబ్బులేక, స్నేహితుడైన ఇంకొక డాక్టరుచేత చదివించాడు. టి.ఎ. బిల్లు లేని ఉద్యోగం మరి! ఆ కొద్ది నెలలలోనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జను, మందును నరం ప్రక్కన వేస్తే ఆ నరం పోయే మేరంతా తిమ్మిరెక్కుతుందని చూపించాడు. ఇప్పుడు నర్వ్ బ్లాక్ అంటున్నది ఇదే. ఊరికి పోయే కరెంటు తీగను ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆపినట్లు. పాపం, తమమీద తామే ప్రయోగాలు చేసుకొంటూ హాల్‌స్టెడ్, అతని స్నేహితులు కొకెయిన్‌కు బానిసలైపోయారు.

వ్యసనం అంటించని మందుకోసం వెదికితే 1905 ప్రాంతంలో జర్మనీనుండి నోవోకెయిన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడోకెయిన్ తయారుచేశాడు. అతని దగ్గర పనిచేసే లుండ్‌క్విస్ట్ అనే కుర్రవాడు దానిని తన ఒంటిమీదే పరీక్షించుకొన్నాడు. 1948లో జైలోకెయిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. పన్ను పీకించుకొన్న ప్రతి పెన్షనరుకూ ఈ పేరు తెలుసు. అంటే మా అమ్మాయి గడ్డం చిట్లేనాటికి ఆ మందు బజారులోకి వచ్చి ముప్పై ఏడేళ్ళయింది.

మందు లేక కాదు, మరి పిల్లలకు ఎందుకు ఇవ్వలేదు? పసివాళ్ళ నరాలు ఇంకా పక్వానికి రావు కాబట్టి నొప్పి అంతగా తెలియదని ఒక నమ్మకం. 1940లలో పుట్టిన శిశువులను సూదితో గుచ్చి చూసి, మొదటి రోజులలో వాళ్ళు పెద్దగా స్పందించడం లేదని వ్రాసినవారున్నారు. రెండవది భయం. పిల్లలకు మార్ఫిన్ వంటివి ఇస్తే ఊపిరి ఆగుతుందేమోనని. మూడవది, ఏడ్చేవాడు ఎలాగూ ఏడుస్తాడు, తరువాత మరచిపోతాడు అనే మన అందరి మాట.

1977లో అమెరికాలో జోఆన్ ఎలాండ్ అనే నర్సమ్మ ఒక పని చేసింది. గుమస్తాగా నాకు చాలా నచ్చిన పని. ఆసుపత్రి రికార్డులు తీసి లెక్కకట్టింది. ఆపరేషను అయిన 25 మంది పిల్లలకు మొత్తం ఉన్నన్నాళ్ళూ ఇచ్చిన నొప్పిమందు 24 మోతాదులు. అందులో 13 మందికి ఒక్కటి కూడా లేదు. అటువంటి జబ్బులే ఉన్న 18 మంది పెద్దవాళ్ళకు ఇచ్చినవి 671 మోతాదులు. ఉపన్యాసం అక్కరలేదు, రెండు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాస్తే చాలు. నా సర్వీసులో ఎన్ని రిజిస్టర్లు మూలన పడి ఉండగా చూశానో! వాటిలో ఎన్ని ఇటువంటి లెక్కలు ఉండిపోయాయో అనిపించింది.

పసిబిడ్డల విషయంలో గట్టి దెబ్బ కొట్టినవాడు మన దేశస్థుడే. ఇండోర్ మెడికల్ కాలేజీలో చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డు వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్. అప్పట్లో నెలలు నిండని బిడ్డలకు గుండె దగ్గర ఆపరేషను చేసేటప్పుడు కదలకుండా కండరాలను సడలించే మందు, నామమాత్రంగా నవ్వు వాయువు ఇచ్చేవారు. బిడ్డ కదలడు కాబట్టి నొప్పి లేదనుకొనేవారు. దానితోపాటు కొందరు బిడ్డలకు ఫెంటనిల్ అనే నొప్పిమందు కూడా ఇచ్చి, రక్తపరీక్షలు చేయించి, ఇవ్వని బిడ్డల శరీరం ఎంతటి ఒత్తిడికి లోనవుతున్నదో, ఆపరేషను తరువాత వాళ్ళు ఎంత ఎక్కువ ఇబ్బంది పడుతున్నారో ఆనంద్ చూపించాడు. ఆ పత్రం 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అదే ఏడాది అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసిబిడ్డలకు కూడా మత్తు ఇవ్వవలసిందేనని ప్రకటించింది. మా అమ్మాయి కుట్లు పడి అప్పటికి రెండేళ్ళు.

ఇక విరిగిన ఎముకల సంగతి. పిల్లల తొడ ఎముక విరిగితే కలిగే నొప్పి మామూలుది కాదు. విరిగిన ముక్కల చుట్టూ కండరాలు బిగుసుకొని లాగుతూ ఉంటాయి. స్ట్రెచరు కుదిపినా, ఎక్స్‌రే కోసం కాలు తిప్పినా కేక పెడతారు. గజ్జ దగ్గర తొడలోకి దిగే ఫెమోరల్ నరానికి మందు వేస్తే ఆ బిగువు, నొప్పి చాలావరకు విడిపోతాయని 1979లో ఆస్ట్రేలియాలో గ్రాస్‌బార్డ్, లవ్ అనే డాక్టర్లు పిల్లలలో చూపించారు. 1989లో ఫ్రాన్సుకు చెందిన దాలెన్స్ ఇంకొక మార్గం చెప్పాడు. నరాన్ని వెదకకుండా, దానికి కొంచెం ప్రక్కగా ఉండే పొర క్రింద మందు నింపితే అదే ప్రాకి నరాలను తడుపుతుంది. పాత పద్ధతితో పోల్చి 120 మంది పిల్లలలో చేస్తే పాతది సరిగా పనిచేసింది నూటికి ఇరవై మందిలోనే. కొత్తది తొంభై మందికి పైగా.

ఐతే ఇవన్నీ గుడ్డిగా వేసే సూదులు. చర్మం పైన కొలతలు తీసుకొని, లోపల పొర 'టప్' మన్నట్లు వ్రేలికి తెలిస్తే మందు వేయాలి. పెద్దవాళ్ళైతే "కాలికి షాకు కొట్టినట్లుంది" అని చెబుతారు, దానినిబట్టి నరం దొరికిందని తెలుసుకొంటారు. ఏడుస్తున్న నాలుగేళ్ళవాడు ఏమి చెబుతాడు? సూదికి సన్నని కరెంటు పెట్టి కండరం ఎగిరిందా అని చూసే యంత్రం ఒకటుండేది. విరిగిన కాలిలో కండరం ఎగిరితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ప్రక్కనే పెద్ద రక్తనాళం. పొరపాటున మందు అందులో పడితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. కాబట్టి సూది కొన కనిపించాలి.

అది కనిపించేట్లు చేసినది వైద్యులకు సంబంధం లేని ఒక యంత్రం. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవన్ దానితో నీటి అడుగున శబ్దం పంపి జలాంతర్గాములను పట్టే మార్గం వెదికాడు. తరువాత కార్ఖానాలలో బాయిలరు రేకులలో కనిపించని పగుళ్ళు పట్టడానికి వాడారు. గ్లాస్గోలో కాన్పుల డాక్టరు ఇయాన్ డొనాల్డ్ 1955లో, ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకొని ఒక బాయిలర్ల కార్ఖానాకు పోయి, ఆ యంత్రం క్రింద పెట్టి చూశాడు. పోల్చి చూడడానికని కార్ఖానావారు ఒక మాంసం ముక్కను కూడా సిద్ధం చేసి ఉంచారట. నీటితిత్తి ఒకలాగా, గట్టి గడ్డ మరొకలాగా ప్రతిధ్వని ఇచ్చాయి. 1958లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన కోడళ్ళకు, కూతుళ్ళకు చేయించే స్కానింగు పుట్టిన కథ ఇది.

ఆ యంత్రంతో నరం దగ్గరకు దారి చూసుకోవడం 1978లోనే మొదలైంది కాని, అప్పుడు వాడినది రక్తప్రవాహపు చప్పుడు వినిపించే పరికరం. బొమ్మలో చూస్తూ సూది నడపటాన్ని 1994లో కాప్రాల్, ఆయన సహచరులు వియన్నాలో చేసి చూపించారు. మళ్ళీ వియన్నాయే! కొల్లర్ కప్పకంటిలో చుక్క వేసిన నూట పదేళ్ళకు అదే ఊరు. ఆ బృందంలోని మార్‌హోఫర్ 2004లో చేతి ఎముకలు విరిగిన 40 మంది పిల్లలను తీసుకొని, కొందరికి కరెంటు యంత్రంతోను, కొందరికి అల్ట్రాసౌండుతోను బ్లాకు వేసి పోల్చాడు. స్కానింగు చూసి వేసినవాళ్ళకు సూది వేసేటప్పటి నొప్పి తక్కువ. తిమ్మిరి తొమ్మిది నిమిషాలలో ఎక్కింది. రెండవవారికి పదిహేను నిమిషాలు పట్టింది. చెయ్యి విరిగిన పిల్లకు ఆరు నిమిషాలంటే ఎంతసేపో మనం ఊహించుకోవాలి.

ఇదంతా ఆపరేషను థియేటరులో మత్తు డాక్టర్లు చేసే పని. అత్యవసర విభాగానికి రావడానికి మరికొంత కాలం పట్టింది. 2007లో అమెరికాలోని డెన్వరు పిల్లల ఆసుపత్రివారు తొడ ఎముక విరిగి వచ్చిన 55 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒకరికి మార్ఫిన్, ఒకరికి దాలెన్స్ చెప్పిన పొర క్రింది మందు ఇచ్చారు. మార్ఫిన్ ఉపశమనం గంటసేపు నిలిచింది, బ్లాకు ఐదు గంటలకు పైగా. ఆ తరువాత సంవత్సరాలలో స్కానింగు యంత్రాలు చేతిసంచి అంత చిన్నవి కావడంతో, చూస్తూ వేయడం అక్కడి పిల్లల ఎమర్జెన్సీ విభాగాలలో పాకింది. భద్రత సంగతి అడిగేవారికి ఒక అంకె: అమెరికాలోని పిల్లల ఆసుపత్రులు కొన్ని కలిసి ఉంచిన ఉమ్మడి రిజిస్టరులో లక్షకు పైగా బ్లాకుల లెక్క 2018లో అచ్చయింది. శాశ్వతంగా నరం దెబ్బతిన్న కేసు ఒక్కటీ లేదు. మందు రక్తంలో ఎక్కువై వికటించడం పదివేలకు ఒకటికన్నా తక్కువ. దానికి కూడా విరుగుడుగా పాలవలె తెల్లగా ఉండే కొవ్వు ద్రావణం పనికివస్తుందని 1998లో అమెరికాలో వైన్‌బర్గ్ అనే డాక్టరు ఎలుకలలో చూపించాడు. 2006నుండి మనుషులను కాపాడుతున్నది.

మన దేశంలో ఈ యంత్రానికి ఇంకొక చరిత్ర ఉంది, అది నా చేతులమీదుగా నడిచింది. ఆడపిల్ల అని తెలిసి కడుపు తీయించుకొనే దుర్మార్గాన్ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది, 1996 జనవరి 1నుండి అమలు, 2003లో సవరణ. స్కానింగు యంత్రం ప్రతిదీ రిజిస్టరు కావాలి, సర్టిఫికెట్టు గోడకు వ్రేలాడాలి, గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ ఎఫ్ ఫారం నింపాలి, రికార్డులు రెండేళ్ళు ఉంచాలి. 2012లో చేతిలో పట్టుకుపోయే యంత్రాలు ఆవరణ దాటకూడదన్నారు. పిల్లవాడి తొడ చూసే యంత్రమైనా రిజిస్ట్రేషను తప్పదు. ఎమర్జెన్సీలో ఒక చిన్న యంత్రం పెట్టుకోవడానికి ఇంత బాధా అని డాక్టర్లు విసుక్కొంటే ఆ రోజులలో నేను వాదించేవాడిని, ఇప్పటికీ వాదిస్తాను. చట్టం అవసరమే. కాని ఆ ఫైలు నా బల్లమీద నెలల తరబడి ఆగిన సందర్భాలున్నాయని ఒప్పుకోవాలి. అవతలి గదిలో ఎవరి పిల్లవాడు ఉన్నాడో అప్పుడు నాకు తోచలేదు.

మనవడికి ఎనిమిదేళ్ళు. అపార్టుమెంటు క్రింద సైకిలు మీద పోతూ స్కూటరుకు తగిలి పడ్డాడు. మొదట తీసుకుపోయిన చోట "నొప్పిమందు ఇస్తే దెబ్బ ఎక్కడో తెలియదు" అంటూ ఎక్స్‌రే బల్లమీద కాలు సరిచేయబోయారు. వాడి కేక నాకు 1985లో విన్నట్లే ఉంది. అక్కడినుండి పెద్ద ఆసుపత్రికి మార్చాము. అక్కడ ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ, బరువెంతని అడిగి కాగితం మీద మందు లెక్క వేసింది. చల్లని జెల్లీ రాసి గజ్జ దగ్గర బిళ్ళ పెట్టింది. తెరమీద నల్లగా కొట్టుకొంటున్న గుండ్రం రక్తనాళమని, ప్రక్కన తేనెపట్టులా తెల్లగా ఉన్నది నరమని నాకు చూపించింది. నేను అలవాటుగా ముందుకు జరిగి వాడి రెండు చేతులూ పట్టుకొన్నాను.

"పట్టుకోనక్కరలేదు తాతగారూ, పైన చర్మానికి ముందే తిమ్మిరి మందు వేశాం. చేతికి ఫోను ఇవ్వండి, ఆడుకొంటాడు" అన్నది.

మా అమ్మాయి మంచానికి అవతల నిలబడి ఉంది. గడ్డం క్రింద మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. నావైపు చూసింది, ఏమీ అనలేదు. నేను చేతులు తీసేశాను.

సూది సన్నని గీతలాగా తెరమీద నడిచింది. మందు నల్లని మడుగులాగా పొర క్రింద పరుచుకొంది. "తాతయ్యా, అది నా కాలేనా?" అని వాడు ఒకసారి తల తిప్పి చూశాడు. పావుగంటకు కాలు తిన్నగా పెట్టి కట్టు వేస్తుంటే ఆటలోనే ఉన్నాడు. తిమ్మిరి ఉన్నంతసేపూ వ్రేళ్ళ రంగు, వేడి చూస్తుండాలని, లోపల వాపు ఎక్కితే నొప్పి తెలియకపోవచ్చునేమోనన్న భయంతో పూర్వం కొందరు ఈ సూదే వద్దనేవారని, జాగ్రత్తగా కనిపెట్టుకొంటే భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. నర్సులు ఎలాగూ చూస్తారు. అయినా నేను రిజిస్టరు తెరిచాను. ఎక్స్‌రే కవరు వెనుక వ్రాసుకొన్నది ఇప్పటికీ ఉంది: రాత్రి 7.40 సూది. 8.00 నొప్పి లేదు. 8.30 ఇడ్లీ తింటానన్నాడు, ఆపరేషను ఉంది, పెట్టలేదు. 9.15 నిద్ర. తరువాత గంట గంటకూ "వ్రేళ్ళు వెచ్చగా ఉన్నవి" అని. 2.10కి బొటనవ్రేలు తాకితే, నిద్రలోనే కాలు దూరంగా జరుపుకొన్నాడు.